మూడో దృశ్యంలో ముగ్గు

"మొదటి దృశ్యంలో పదిహేను చుక్కల ముగ్గు. రెండో దృశ్యంలో ఐదు చుక్కలే. మూడో దృశ్యంలో లైట్లు వెలిగేసరికి ఉత్త నేల!" అన్నాడు గణేష్‌బాబు, గాల్లో చేత్తో మూడు గళ్లు గీసి చూపిస్తూ. "ఒక్క డైలాగు అక్కర్లేదు. ఆ ఇల్లు ఎలా చితికిపోయిందో ముగ్గే చెప్పేస్తుంది. సింబాలిజం అంటే అదీ."

మేడ మీద రేకుల షెడ్డులో కూర్చున్న నటులు "ఆహా" అన్నారు. టీ గ్లాసుల పళ్లెం పట్టుకుని మెట్ల దగ్గర నిలబడిన సూర్యకళ మాత్రం మనసులో చుక్కలు లెక్కపెట్టుకుంది.

"నేల మీద వేస్తే ఎవరికీ కనపడదండి గురువుగారూ," అన్నాడు పెదబాబు. సెట్లు కట్టేది అతనే. "స్టేజీ నాలుగడుగుల ఎత్తుంటది. కింద కుర్చీల్లో వాళ్లకి ముగ్గేంటి, పడుకున్న మనిషే కనపడడు. పోయినేడు ఒకళ్లు శవం సీను పెట్టారండి. శవం ఎక్కడుందో తెలీక ఎవరూ ఏడవలేదు."

"మరేం చేద్దామంటావ్?"

"గుమ్మం ముందు వాలుగా చెక్క పెడదామండి. సీనుకో చెక్క మార్చుకుందాం. ముగ్గుకి ఫ్లెక్స్ కొట్టించేద్దాం. మా బావమరిది సాయంత్రానికి ఇచ్చేస్తాడు."

"ఫ్లెక్స్ ముగ్గా!" గణేష్‌బాబు చెవులు మూసుకున్నాడు. "మా ఆవిడుండగా ఆ ఖర్మేంటయ్యా? కళా, రెండు చెక్కల మీద ముగ్గెయ్యాలి. మూడోది ఉత్తదే."

సూర్యకళ గ్లాసు అందిస్తూ, "మూడో దృశ్యానికి ఆవిడకి ఒంట్లో బాగోదాండీ?" అని అడిగింది.

"ఎవరికి?"

"మీ నాటికలో తల్లికి. ముగ్గు వెయ్యకుండా వదిలేసిందంటున్నారుగా."

"ఒంట్లో బాగానే ఉంటుంది. ఇంట్లోనే బాగోదు. వేసే ఓపికా లేదు, వెయ్యాలన్న మనసూ లేదు. పాయింటే అది."

"ముగ్గు అలా తగ్గదండి," అందామె. అప్పటికే ఆయన పెదబాబుతో చెక్క కొలతల్లో పడ్డాడు. పైగా ఫ్యాను చప్పుడొకటి.

నాటిక పేరు 'మసకబారిన గుమ్మం'. ఐసు ఫ్యాక్టరీ మూతపడి పది నెలలు జీతం లేని ఒక గుమాస్తా ఇంటి కథ. ఇది మా కథ కాదు, అందరి కథ అని గణేష్‌బాబు అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెబుతున్నాడు. నరసాపురంలో ఆ వీధివాళ్లెవరూ నమ్మలేదు. ఎదురింటి సంపూర్ణమ్మగారైతే, "నా వేషం ఎవరేస్తున్నారబ్బాయ్?" అని నేరుగానే అడిగింది. బుధవారం తునిలో పరిషత్తు పోటీలు. ఆ పక్కనే కొండమీదున్న తలుపులమ్మ తల్లికి మొక్కుంది, నేనూ వ్యానెక్కుతానని కూడా చెప్పేసింది. పద్నాలుగేళ్లుగా పరిషత్తులకి తిరుగుతున్న గణేష్‌బాబుకి ఉత్తమ ప్రదర్శన బహుమతి ఇంతవరకూ రాలేదు. ఈసారి వస్తుందని ఆయన నడకలోనే తెలుస్తోంది.

సోమవారం పొద్దున్నకి చెక్కలు వచ్చాయి. ఆరడుగుల పొడుగు, మూడున్నర అడుగుల వెడల్పు. పెదబాబు వాటికి ఎర్రమట్టి రంగు వేసి దొడ్లో గోడకి ఆనించి వెళ్లాడు. పొడి ముగ్గు వాలు మీద నిలవదు. సూర్యకళ నానేసిన బియ్యం మెత్తగా రుబ్బి, జారుగా కలిపి, వ్యాను కుదుపులకి రాలిపోకుండా గరిటెడు జిగురు పోసింది. పాత పంచె పీలిక చుట్టి పిండిలో ముంచి, మూడు వేళ్లతో పట్టుకుని బొటనవేలితో నొక్కుతూ లాగింది. నొక్కు ఎక్కువైతే గీత కారుతుంది, తక్కువైతే మధ్యలో తెగుతుంది. పదిహేను చుక్కలు, సందు చుక్కలతో ఎనిమిది దాకా. ఆమె కొలత కొయ్యలేమీ పెట్టుకోదు. చుక్కకీ చుక్కకీ మధ్య ఎడం ఆమె చేతికే తెలుసు.

మధ్యాహ్నం బస్సు దిగి దుర్గాశ్రీ వచ్చింది. రాజమండ్రి మనిషి. ముప్పై ఆరేళ్లకే తల్లి వేషాలకి పేరు పడింది. ఈ సీజన్లో నాలుగు నాటక సమాజాలకి నలుగురు తల్లులుగా వేస్తోంది. ఒక తల్లి మాట ఇంకో తల్లి నోట రాకుండా నాలుగు రంగుల అట్టలున్న నాలుగు నోటుపుస్తకాలు పెట్టుకుంది.

"గురువుగారిది ఆకుపచ్చదండి," అని చూపించింది సూర్యకళకి. "డైలాగులన్నీ వచ్చేశాయి వదినగారూ. ముగ్గే రాదు. మాది అపార్టుమెంటు. గుమ్మం ముందు స్టిక్కరు అంటించేశాను. ఏడాదికోసారి మారుస్తానంతే."

తెర లేచేసరికి తల్లి ముగ్గులో ఆఖరి మెలిక తిప్పుతూ కనపడాలి. సూర్యకళ ఆమెని దొడ్లోకి తీసుకెళ్లి పీలిక చేతికిచ్చింది. దుర్గాశ్రీ దాన్ని పెన్నులా పట్టుకుని, గొంతుక్కూర్చుని, నాలిక పంటి కింద పెట్టుకుని గీత లాగింది. గీత వణికింది.

"కూర్చుని కాదమ్మా. వంగుని వెయ్యాలి. వంగి ముగ్గేసే మనిషి ఎడంచెయ్యి ఎక్కడుంటుంది?"

"ఎక్కడుంటదండీ?"

"కుచ్చెళ్ల దగ్గర. లేకపోతే వేసిన ముగ్గుని చీరే తుడిచేస్తుంది. నువ్వు ఎడంచెయ్యి గాల్లో పెడితే మూడో వరసలో ఆడవాళ్లు నవ్వుతారు."

దుర్గాశ్రీ కుచ్చెళ్లు పట్టుకుని వంగింది. నాలుగోసారికి మెలిక కుదిరింది. నడుం మీద చేతులు వేసుకుని నిలబడి అడిగింది: "మరి మూడో సీనులో ఈ చేతులతో ఏం చెయ్యమంటారు వదినగారూ? ఉత్త చెక్క ముందు నిలబడి ఏడవమన్నారు గురువుగారు. నిజంగా ఏం లేని ఇంట్లో ముగ్గెయ్యడం మానేస్తారాండి?"

సూర్యకళ పిండి గిన్నె మీద మూత పెట్టింది. మళ్లీ తీసి, కలిపి, మళ్లీ పెట్టింది.

"ఉన్నరోజుల్లో నేను ఏడు చుక్కలే వేసేదాన్నమ్మా. బద్ధకం. ఫ్యాక్టరీ మూసేశాక పదిహేను. నాలుగో నెల వచ్చేసరికి ఇరవై ఒకటి. సగం వీధి దాకా వచ్చేది. పాలవాడు సైకిలు దిగి, ముగ్గు తొక్కకుండా పక్కనుంచి నడిపించుకుని పోయేవాడు."

"అయ్యబాబోయ్. ఎందుకండీ?"

"ఇంత ముగ్గేసే ఓపికుందంటే ఈ ఇంటికేం లోటులే అనుకుంటారని. సున్నపు ముగ్గు ఒక్కటే ఇంట్లో డబ్బా నిండా ఉండేది అప్పుడు."

"గురువుగారు ఇదంతా చూసి కూడా..."

"ఆయన చూళ్లేదు. తెల్లారేసరికి దొడ్డిదారిన వెళ్లిపోయేవారు. వీధి గుమ్మంలోంచి వెళ్తే ఎవరైనా ఉద్యోగం సంగతి అడుగుతారని భయం. పది నెలలూ ఆ గుమ్మం దాటలేదాయన."

దుర్గాశ్రీ వేళ్లకంటిన పిండిని ఒక్కొక్క వేలి నుంచీ తుడుచుకుంది.

"అది పోనీ," అంది సూర్యకళ. "ఎల్లుండి అక్కడ అంతమంది ముందు ఆవిడ చేతులెత్తేసిందని చూపిస్తారు. మా వీధివాళ్లు కూడా వస్తున్నారు. ఆవిడ చేతులెత్తెయ్యలేదమ్మా. నాకదే బాధ."

"మీరు చెప్పకపోతే నేను చెప్పేస్తానండి."

"నువ్వు నీ పచ్చ పుస్తకం చూసుకో. నేను చెబుతాను."

మంగళవారం సెట్టుతో సహా రిహార్సల్ జరిగింది. మొదటి రెండు దృశ్యాలూ సాఫీగా సాగాయి. మూడో దృశ్యంలో దుర్గాశ్రీ ఉత్త చెక్క ముందు నిలబడింది. నిలబడే ఉంది.

"ఏడవ్వేంటమ్మా? గ్లిజరిన్ తెచ్చుకోలేదా?" అని అరిచాడు గణేష్‌బాబు.

"తెచ్చుకున్నానండి. కళ్లకేం ఇబ్బంది లేదు గురువుగారూ. చేతులకే పని లేకుండా ఉంది."

"చేతులు కట్టుకో."

కట్టుకుంది. "ట్రైను కోసం చూస్తున్నట్టుందండి," అన్నాడు పెదబాబు. గణేష్‌బాబు ఆ రోజుకి చాలన్నాడు.

సాయంత్రం ఆయన పెందలాడే భోజనానికి కూర్చున్నాడు. సూర్యకళ పెరుగు వడ్డిస్తూ, దుర్గాశ్రీకి చెప్పిందంతా చెప్పింది. ఇంకా తక్కువ మాటల్లో, వంకాయలు లేతగా లేవని చెప్పినంత మామూలుగా. ఆయన చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

"నాకెప్పుడూ చెప్పలేదేం?"

"దొడ్డిదారిన ఎందుకెళ్తున్నారని మిమ్మల్ని నేనెప్పుడైనా అడిగానా?"

గణేష్‌బాబు మెతుకులు ఒక పక్కకి జరిపాడు. మళ్లీ మధ్యకి తెచ్చాడు. కాసేపటికి ఆయనలోని దర్శకుడు తేరుకున్నాడు.

"ఇంట్లో జరిగింది వేరు కళా, స్టేజీ వేరు. తిండికి లేని ఇంటి ముందు అంత ముగ్గు పెడితే జడ్జీలు ఒప్పుకోరు. ఉన్నది తరిగిపోతుంటేనే పేదరికం కనపడుతుంది. వాళ్ల చేతిలో ఉండేది అరగంట. అందులో నీ సంగతంతా ఎలా అర్థమవుతుంది? పద్నాలుగేళ్లయింది నేను..."

"సరేనండి," అంది సూర్యకళ.

ముప్పై ఏళ్లుగా ఆ 'సరేనండి'ని ఎరిగినవాడు కాబట్టి ఆయన మజ్జిగ పోసుకోకుండానే లేచాడు. ఆమె కంచం తీసి, బల్ల తుడిచి, పొద్దున్న వ్యానులో పెట్టాల్సినవి ఒకచోట చేర్చింది. రెండు ముగ్గుల చెక్కలకీ గీతలు రాసుకోకుండా మధ్యన పాత దుప్పటి మడిచి పెట్టింది. ఉత్త చెక్కని విడిగా ఉంచింది.

బుధవారం తెల్లవారాక సూర్యకళ చీపురు, నీళ్ల బకెట్టు పట్టుకుని వీధి తలుపు తీసేసరికి గణేష్‌బాబు అప్పటికే వీధిలో ఉన్నాడు. భుజాన తువ్వాలుంది. నోట్లో పళ్లపుల్లలా పెన్నుంది. గుమ్మం నుంచి అడుగులో అడుగు వేసుకుంటూ కొలుస్తున్నాడు.

"ఎందాకా వచ్చేది?"

సూర్యకళ బకెట్టు దించింది. "ఆ కరెంటు స్తంభం దాకా."

ఆయన స్తంభం దాకా నడిచాడు. అక్కడ నిలబడి వెనక్కి తిరిగి తన గుమ్మాన్ని చూశాడు. ఎవరింటికో దారి అడుగుతూ వచ్చి అది దొరికినవాడిలా చూశాడు. పక్కింటి ఆవిడ తలుపు సందులోంచి ఇదంతా గమనించి లోపలికి వెళ్లిపోయింది.

"పెదబాబు చెక్క ఆరడుగులే," అన్నాడు వెనక్కి వచ్చి.

"చుక్కలు దగ్గరగా పెడితే పడుతుంది."

"ఎంతసేపు?"

"ఎండాలి కూడా. మూడు గంటలు."

"వ్యాను పదింటికి. టిఫిను నేను చూసుకుంటాను."

"మీరా?"

"రవ్వ ఏ డబ్బాలో ఉందో చెప్పు చాలు."

ఆమె చెప్పింది. ఆవాలు ఎక్కడున్నాయో, మంట ఎంత పెట్టాలో కూడా చెప్పి, దొడ్లో ఉత్త చెక్క ముందు వంగింది. ఇరవై ఒకటి, సందు చుక్కలతో పదకొండు దాకా. ఆ చుక్కలు పెట్టి పదేళ్ల పైనే అయింది. మొదటి వరస పెట్టేటప్పుడు తడుముకుంది. రెండో వరసకి చెయ్యి దారిన పడింది. మధ్యలో ఆయన గరిట పట్టుకుని రెండుసార్లు వచ్చి చూసి వెళ్లాడు. ఉప్మా ఉండలు కట్టింది. దుర్గాశ్రీ ఒక ఉండ చిదిపి చూసి, "గురువుగారూ, ఇదేం సింబాలిజమండీ?" అంది. అందరికంటే ముందు ఆయనే నవ్వాడు. చెక్కల వెనక నంబర్లు కొట్టేసి తనే కొత్తగా రాశాడు. మొదటి దృశ్యానికి ఐదు చుక్కలు. రెండో దృశ్యానికి పదిహేను. మూడో దానికి ఇరవై ఒకటి.

"వరస తిరగబడిందేమోనండి," అన్నాడు పెదబాబు.

"లేదు. ఇప్పుడే నిలబడింది," అన్నాడు గణేష్‌బాబు.

తునిలో ఆ సాయంత్రం వీళ్లదే మొదటి నాటిక. సూర్యకళ, సంపూర్ణమ్మగారు ఆడవాళ్ల వైపు ఐదో వరసలో కూర్చున్నారు. సంపూర్ణమ్మగారి చేతిలో లేసు అల్లిక ఉంది. హాల్లో లైట్లు ఆర్పినా ఆవిడ సూది ఆగలేదు. కళ్లు స్టేజీ మీదే ఉన్నాయి.

మొదటి దృశ్యంలో చిన్న ముగ్గుని ఎవరూ పట్టించుకోలేదు. రెండో దృశ్యంలో గుమాస్తా ఉద్యోగం పోయింది. గుమ్మం ముందు పదిహేను చుక్కలొచ్చాయి. ముందు వరసలో జడ్జి పల్లంరాజుగారు కళ్లద్దాలు సర్దుకుని కాగితం మీద ఏదో రాసుకున్నారు. లైట్లు ఆరాయి. చీకట్లో చెక్క మార్చడానికి పెదబాబుకి ఇరవై సెకన్లే ఉన్నాయి. ఏదో తగిలి ఠప్పుమంది. సూర్యకళ అరిచేతులు ఒడిలో బిగించింది.

నీలంగా వెలుగొచ్చింది. తెల్లవారుజాము. గుమ్మం ముందంతా ముగ్గే. ఇరవై ఒక్క చుక్కల చుట్టూ మెలికలు తిరిగి, ఎక్కడ మొదలైందో తెలియని తెల్లటి గీత. దుర్గాశ్రీ ఎడంచేత్తో కుచ్చెళ్లు పట్టుకుని వంగి ఆఖరి మెలిక తిప్పుతోంది.

లోపలి నుంచి కూతురి గొంతు వినిపించింది: "అమ్మా, పొయ్యి వెలిగించనా?"

ఇక్కడ తల్లి ఏడవాలి. దుర్గాశ్రీ తలెత్తలేదు. "ఇంకో రెండు గీతలున్నాయి, ఆగవే," అంది. ఆ మాట పచ్చ పుస్తకంలో లేదు.

వెనక వరసలో ఎవరో ఆడమనిషి, పక్కావిడతో చెబుతున్నానని మరిచిపోయి పైకే అనేసింది: "అయ్యో, ఇంట్లో ఏం లేదే దానికి!"

సూర్యకళ ఏడవలేదు. ఎడం పక్క ఒక మెలిక దగ్గర గీత పలచబడిందని చూసుకుంది. అంతలోనే ఆ మెలిక అలికినట్టయి, కళ్లు తుడుచుకుంటే గానీ మళ్లీ కనపడలేదు.

ఆ పరిషత్తులో ప్రతి నాటిక అవగానే జడ్జీల్లో ఒకరు రెండు మాటలు చెప్పే ఆనవాయితీ ఉంది. పల్లంరాజుగారు మైకు అందుకున్నారు. నటన బాగుందన్నారు. ముఖ్యంగా తల్లి పాత్ర.

"అయితే ఒక చిన్న పొరపాటు. ఇల్లు చితికిపోతుంటే ముగ్గు పెరగడమేంటండీ? తరగాలి కదా. సింబాలిజం తిరగబడింది. హడావుడిలో చెక్కల వరస మారిపోయినట్టుంది. దర్శకులు ఇలాంటివి చూసుకోవాలి."

మగవాళ్ల వైపు కొందరు నవ్వారు. గణేష్‌బాబు స్టేజీ మీద చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. అవునండీ, పొరపాటైందండీ అంటే అయిపోయేది. సెట్టు కట్టినవాళ్ల తప్పు కింద పోయేది, రెండు మార్కుల దగ్గర ఆగేది. సూర్యకళ ఆయన మొహాన్నే చూస్తోంది.

"వరస సరిగ్గానే ఉందండి," అన్నాడాయన.

"అంటే?"

"మా ఇంట్లో అలాగే వేశారండి. నేనే ఆలస్యంగా తెలుసుకున్నాను."

పల్లంరాజుగారు మైకు పక్కన పెట్టారు. జ్ఞాపిక చేతిలో పెట్టి భుజం తట్టారు. ఆడవాళ్ల వైపు నుంచి ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. సంపూర్ణమ్మగారు మాత్రం కొట్టలేదు. ఆవిడ చేతులు ఖాళీగా లేవు.

మర్నాడు తలుపులమ్మ తల్లి దర్శనం చేసుకుని నరసాపురం దారి పట్టారు. దుర్గాశ్రీ రాజమండ్రిలో దిగిపోతూ సూర్యకళని కావలించుకుని, ఎర్ర అట్ట పుస్తకం తెరుచుకుంటూ బస్టాండు వైపు నడిచింది. ఫలితాలు ఆదివారం గానీ రావు. బహుమతి సంగతి వ్యానులో ఎవరూ ఎత్తలేదు. చెక్కలు వెనక సీటు మీద దుప్పట్లో కదులుతున్నాయి.

గణేష్‌బాబు ముందు సీట్లోంచి వెనక్కి తిరిగాడు. నిన్నటి నుంచీ ఆయన గొంతు తేలికగా ఉంది.

"ఏం పిన్నిగారూ, ఆ పది నెలలూ మా సంగతి మీకెవరికీ తెలీకుండా కాపాడిందంటండి మీ కళమ్మ. మీరు ఎదురుగా ఉండి కూడా కనిపెట్టలేకపోయారు!"

సంపూర్ణమ్మగారు లేసు మీంచి కళ్లు ఎత్తలేదు. "మొదటి వారంలోనే తెలిసిందబ్బాయ్."

సూర్యకళ ఆవిడ వైపు తిరిగింది. "ఎలా తెలిసింది పిన్నిగారూ? నేనెవరికీ చెప్పలేదే."

"ఎవరో చెప్పాలా? ఏడు చుక్కలతో సరిపెట్టుకునే పిల్ల ఉన్నట్టుండి పదిహేను చుక్కలు పెట్టింది. ఇంట్లో ఏదో తగ్గిందనుకోనా? మీ బాబాయిగారు చనిపోయిన ఏడాది నేనూ అదే పని చేశాను. వీధిలో సగం మంది ఎప్పుడో ఒకప్పుడు చేసిందే."

"మరి ఒక్కరూ ఒక్కనాడూ..."

"ఏమనమంటావ్? నువ్వంత కష్టపడి దాచుకుంటుంటే." ఆవిడ సూదితో ఒక ముడి తప్పిపోయిందేమోనని వెతికి, దొరికాక మళ్లీ అందుకుంది. "అందుకే ఆ ఏడాదంతా నేను వాకిట్లో నాలుగు గీతలు గీసి ఊరుకున్నాను. ఎదురుగా నాది పెద్దదుంటే నీది చిన్నగా కనపడుతుందని. పక్కింటి లోవమ్మకీ అదే చెప్పాను. నువ్వు చూసుకోలేదులే."

వ్యాను గోదావరి వంతెన ఎక్కింది. సూర్యకళకి ఆ పది నెలల్లో తను వేసిన ముగ్గులన్నీ గుర్తున్నాయి. ఏ రోజు ఎన్ని చుక్కలో, ఏ మెలిక ఎక్కడ తప్పిందో కూడా చెప్పగలదు. ఎదురింటి గుమ్మం ముందు ఏముండేదో గుర్తు తెచ్చుకోవాలని చూసింది. రోజూ దానికి వీపు పెట్టి వంగేది. ఎంత ప్రయత్నించినా ఏమీ కనపడలేదు.

"నాలుగు గీతలేనా పిన్నిగారూ?" అని అడిగింది చివరికి, చిన్న గొంతుతో.

"నాలుగే. ఐదోది గియ్యాలని చెయ్యి ఎంత లాగేదో నీకేం తెలుసు?" అని నవ్వింది సంపూర్ణమ్మగారు. "ఈ వ్యాను కుదుపుకి దారపు ఉండ దొర్లిపోతోంది. కాస్త పట్టుకోవే."

సూర్యకళ ఉండని ఒళ్లోకి తీసుకుంది. ఇల్లు చేరేదాకా, ఆవిడ సూదికి కావలసినంత దారం వదులుతూ కూర్చుంది.